పొలిమేర దాటించిన పేరు

మా చెల్లెలు దుర్గాశ్రీ పోయాక, ఇంట్లో ఒక మాట పలకకూడదని మామ్మ కట్టడి చేసింది. అది చెల్లి పేరు కాదు. చెల్లిని తీసుకుపోయిన జబ్బు పేరు.

మామ్మ అంటే నాన్న తల్లి, రత్తమ్మ. ఆ జబ్బును మా ముత్యాలకోడులో పెద్దవాళ్ళు మరిడి అనేవారు. మా స్కూలు పుస్తకంలో కలరా అని ఉంటుంది. పేపరు వాళ్ళు అతిసారం అంటారు, విరేచనాలంటారు. మామ్మ దృష్టిలో అవన్నీ ఒక్క ఆవిడ పేర్లే, ఏదీ నోట్లోంచి రాకూడదు. అమ్మవారు అనొచ్చు. అమ్మవారు వచ్చింది, అమ్మవారు చూసింది, అమ్మవారు తీసుకుపోయింది. ఊళ్ళో అందరూ అంతవరకే అంటారు.

ఆ ఏడాది వైశాఖంలో ఎప్పటిలాగే కాలవ నీళ్ళు కట్టేశారు. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటే, మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరంతటికీ అవే నీళ్ళు. చెరువు పక్కనే మురుగునీళ్ళు పారే కోడు ఉంది. రొయ్యల చెరువుల నీళ్ళన్నీ అందులోకే వదులుతారు. ఆ వేసవిలో కోడుగట్టు ఒకచోట కుంగి, ఆ నీళ్ళు మా చెరువులోకి ఊరడం మొదలుపెట్టాయి. తాగే నీళ్ళు ఉప్పగా, ఏదో కుళ్ళిన వాసనతో ఉండేవి. అయినా మంచినీళ్ళ చెరువులోవి కాబట్టి అవి మంచినీళ్ళే. అమ్మ పాత చీరముక్కతో వడకట్టి కుండలో పోసేది.

చెల్లికి తొమ్మిదేళ్ళు. పొద్దున్న చద్దన్నం తిని ఆడుకోవడానికి వెళ్ళింది. మధ్యాహ్నానికి మంచం పట్టింది. కళ్ళు లోపలికి పోయాయి. చాలాసేపు నీళ్ళలో నానినట్టు చేతివేళ్ళు ముడతలు పడ్డాయి. "అక్కా, దాహం" అని అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా అమ్మ ఆ కుండలో నీళ్ళే పట్టింది. భీమవరం ఆస్పత్రికి తీసుకెళ్దామని నాన్న ఎవరిదో ట్రాక్టరు అడిగి తెచ్చేసరికి చెల్లి అడగడం మానేసింది.

అదే వారంలో ఊళ్ళో ఇంకో ముగ్గురు పోయారు. అప్పుడు ఊరంతా కలిసి అమ్మవారిని సాగనంపారు. వెదురుబద్దలతో చిన్న బండి కట్టి, దానిమీద పసుపూ కుంకుమా చలిమిడీ కొత్త రవికెల గుడ్డా పెట్టి, డప్పులతో తీసుకెళ్ళి కోడు అవతల పొలిమేరలో వదిలేశారు. వదిలినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. వచ్చాక ఆవిడ పేరు ఎత్తకూడదు. ఎత్తితే పిలిచినట్టే.

"పిలిచిన ఇంటికే వత్తుంది" అనేది మామ్మ. "ఎవరింటికో పోదు."

అప్పటికి అమ్మకి రెండో నెల.

కొన్నాళ్ళకి హెల్త్ అసిస్టెంటు గారు సైకిలు మీద వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"పాపకి ఏమైందమ్మా?"

"అమ్మవారు చూసిందండి" అంది మామ్మ.

"ఒంటిమీద బాగా పోసిందా?"

"ఆవిడ పోస్తే ఏంటి, చూస్తే ఏంటండి. తీసుకుపోయింది కదా."

ఆయన ఎగువ జిల్లా నుంచి కొత్తగా వచ్చారు. వాళ్ళ ఊళ్ళో అమ్మవారంటే ఒళ్ళంతా పొక్కులొచ్చే ఆటలమ్మే. అలాగే రాసుకుని మిగతా మూడిళ్ళకీ వెళ్ళారు. ఆ ఇళ్ళలో వాళ్ళు కూడా అమ్మవారే అన్నారు.

వానాకాలం సమావేశాల్లో మా ఎమ్మెల్యే గారు శాసనసభలో ఈ చావుల గురించి ప్రశ్న వేశారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు పేపర్లో పడింది. నాన్న టీకొట్టు నుంచి ఆ పేపరు తెచ్చి అరుగు మీద చదివాడు. కూడని మాట వచ్చినచోట ఆగి, దాన్ని దాటేసి చదివాడు.

"ముత్యాలకోడు గ్రామంలో... అది... ప్రబలి నలుగురు మరణించిన మాట వాస్తవమేనా? జవాబు, కాదండి. అయినచో కారణములేవి? జవాబు, ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

"అంటే ఏంట్రా?" అంది మామ్మ.

"ఉత్పన్నం అంటే పుట్టడం. పుట్టదంట."

"ఎవరు పుట్టలేదంట?" మామ్మకి కొంచెం వినికిడి తక్కువ. "నా చేతుల్లో పుట్టిందిరా అది. బొడ్డు కోసిన మంత్రసాని ఇంకా బతికే ఉంది, పిలిపించమను."

"పిల్ల సంగతి కాదే అమ్మా. ప్రశ్న సంగతి. ప్రశ్నే పుట్టదంటన్నారు."

"పిల్ల పోకపోతే ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందిరా?"

నాన్న పేపరు మడిచి చూరులో దోపాడు.

అంతవరకూ చెల్లి నాకు కనబడేది కాదు, వినబడేది కాదు. ఆ జవాబు విన్న తరవాతే ఇల్లు మారింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ నడుం వాల్చే వేళలో, పెరటి గుమ్మం దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టుండేది. ఏడుపు లేదు, పిలుపు లేదు. క్లాసులో హాజరు పిలుస్తుంటే తన పేరు ఎప్పుడొస్తుందా అని నిలబడిన పిల్లలా, ఊరికే నిలబడి ఉండేది. నేను తల తిప్పితే ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. గిన్నెలు తోమి లేచేసరికి నా వేళ్ళు నాని ముడతలు పడి ఉండేవి. అవి నా వేళ్ళలా ఉండేవి కావు. పావడాకి తుడుచుకుని, మామూలుగా అయ్యేదాకా వెనక్కి దాచుకునేదాన్ని.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఎక్కువగా మాట్లాడను. కానీ ఒకరోజు అమ్మ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి పెరటి గుమ్మం పక్కన పెట్టింది. ఎవరికని నేను అడగలేదు. సాయంత్రానికి గ్లాసు సగమైంది. ఎండకు ఆవిరైపోయి ఉంటుంది. లేదా కాకి తాగి ఉంటుంది. చచ్చిపోయాక కూడా చెల్లికి ఆ చెరువు నీళ్ళేనా అనిపించింది నాకు.

జవాబు తప్పని మా ఎమ్మెల్యే గారు సభలో పట్టుబట్టడంతో, కార్తీకంలో శాసనసభా సంఘం మా ఊరు వస్తున్నట్టు కబురొచ్చింది. వేరే వేరే జిల్లాల ఎమ్మెల్యేలు వచ్చి, అధికారులను ఊరివాళ్ళ ముందే ప్రశ్నిస్తారట.

"నీళ్ళ వల్లే పోయారని ఆళ్ళు తేల్చితే పెద్ద కాలవ దగ్గర ఫిల్టరు కట్టి పైపులైను వేస్తారంట" అన్నాడు నాన్న. "తేల్చకపోతే మనకి ఈ చెరువే."

అమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. "అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రేపు ఈ బిడ్డకీ అవే నీళ్ళు పట్టమంటారా?"

"చెప్పండి, చెప్పండి" అంది మామ్మ వాకిట్లోంచి. "పొలిమేర దాటించినదాన్ని పేరు పెట్టి పిలవండి. నెలలు నిండుతున్న మనిషి ఉన్న ఇల్లు. ముందు ఎవరిని చూసుద్దో అదీ మీరే చెప్పండి."

నాన్న కండువా దులుపుకుని లేచిపోయాడు.

సంఘం వచ్చే ముందురోజు పంచాయతీ వాళ్ళు చెరువులో బస్తాలకు బస్తాలు బ్లీచింగ్ పౌడరు కుమ్మరించారు. మర్నాడు మా హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. ప్రార్థన పాడటానికి పదో తరగతి ఆడపిల్లలను పిలిచారు. నేను వెనక వరసలో, పొడుగ్గా ఉండే రామలక్ష్మి వీపు చాటున నిలబడి పెదాలు కదిపాను. పాట అయ్యాక మమ్మల్ని ముందు పట్టా మీద కూర్చోబెట్టేశారు. నాకు దాక్కోవడానికి చోటు లేకపోయింది.

సంఘానికి అధ్యక్షురాలు జానకీదేవి గారనే ఎమ్మెల్యే. నెరిసిన జుట్టు, నూలు చీర, మెడలో దారానికి వేలాడుతున్న కళ్ళజోడు. ఆవిడ పక్కన ఆరుగురు సభ్యులు. ఒక చివర, మాట్లాడిన ప్రతి మాటా రాసుకునే ఆయన ఉన్నారు. ఎదురుగా కుర్చీల్లో అధికారులు.

ముందు నీటి సరఫరా ఇంజినీరు గారిని అడిగారు.

"ఈ ఊరివాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివండి?"

"మంచినీళ్ళ చెరువు ఉంది మేడమ్. వంద శాతం కవరేజి."

"అవి తాగడానికి పనికొస్తాయా?"

"మంచినీళ్ళ చెరువేనండి అది."

"పేరుకేం లోటు లేదండి" అన్నారు వెనకనుంచి ఎవరో. "పొద్దున్న మా ఆవిడిచ్చిన కాఫీ కూడా బ్లీచింగ్ వాసనేనండి. మీరొచ్చారని."

జనం నవ్వారు. జానకీదేవి గారు నవ్వలేదు. వైద్యశాఖ అధికారి వైపు తిరిగారు.

"నాలుగు చావుల సంగతి చెప్పండి."

"అతిసారం మరణాలు ఒక్కటీ లేవు మేడమ్. నాలుగూ ఆటలమ్మ. కుటుంబ సభ్యులు స్వయంగా చెప్పిందే మా సిబ్బంది నమోదు చేశారు."

"ఒకే వారంలో ఆటలమ్మతో నలుగురా? మా వైపు ఆటలమ్మ వచ్చిన పిల్లలు వేపాకు నీళ్ళు పోసుకుని మళ్ళీ బడికొచ్చేస్తారే."

"వాళ్ళు చెప్పిందే రాశామండి."

"ఆ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

నాన్న లేచాడు. లేచాక ఆడవాళ్ళ వైపు చూశాడు. అక్కడ మామ్మ కూర్చుని ఉంది. అమ్మ రాలేదు.

"మీ అమ్మాయికి ఏమైందండి?"

"అమ్మవారేనండి."

"ఏ అమ్మవారు?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. రెండోసారి కూడా సవరించుకున్నాడు. "అమ్మవారేనండి" అన్నాడు మళ్ళీ, నేలకేసి చూస్తూ.

మిగతా ఇళ్ళవాళ్ళను కూడా లేవమన్నారు. లేచారు. అదే మాట చెప్పి కూర్చున్నారు. రాసుకునే ఆయన కాగితం తిప్పారు. జానకీదేవి గారు కళ్ళజోడు తీసేశారు.

"వీళ్ళే ఇలా చెబుతుంటే, ఇంక చెరువు సంగతి..."

"ఉత్పన్నం కాదండి" అన్నారు వైద్యాధికారి, ఆవిడ మాట పూర్తి చేస్తున్నట్టు.

ఆ మాట కాగితం మీద కాకుండా ఒక మనిషి నోట వినడం నాకు అదే మొదటిసారి. ఆయన మెత్తగానే అన్నారు. అది మధ్యాహ్నం వేళ. షామియానా అంచున ఎండ పడుతున్నచోట, పెరటి గుమ్మం దగ్గర నిలబడినట్టే చెల్లి నిలబడి ఉంది. పిలుస్తారేమోనని చూస్తోంది. ఈసారి నేను తల తిప్పలేదు.

లేచానని నాకు తెలియలేదు. రామలక్ష్మి నా ఓణీ లాగి, "కూచోవే, అందరూ చూత్తన్నారు" అంది.

"ఏంటమ్మా?" అన్నారు జానకీదేవి గారు.

"మా చెల్లండి."

"నీ పేరు?"

"రామతులసండి. మా చెల్లి దుర్గాశ్రీ అండి."

"ఏమైంది చెల్లికి?"

"విరే..."

వెనక మగపిల్లలు కిసుక్కున నవ్వారు. అక్కడ ఆగిపోయాను. ఆ మాట అందరి ముందూ అనాలంటే సిగ్గు. అది చెల్లి గురించి అనాలంటే ఇంకా సిగ్గు. ఆ రెండింటి వెనక అమ్మ కడుపులో బిడ్డ ఉంది. ఆ మాట అన్నానా, ఆవిడ వస్తుంది. అనకపోతే ఆ నీళ్ళు వస్తాయి.

"గట్టిగా చెప్పు తల్లీ. రాసుకునే ఆయనకి వినబడాలి."

మళ్ళీ నోరు తెరిచాను. ఈలోగా ఆడవాళ్ళ మధ్యనుంచి మామ్మ రావడం చూశాను. కొడుతుందనుకున్నాను. వచ్చి తన అరచెయ్యి నా నోటికి అడ్డంగా పెట్టింది. చుట్ట వాసన, పసుపు వాసన. నన్ను వెనక్కి నెట్టి నా ముందు నిలబడింది.

"మరిడి" అంది.

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చంటిపిల్ల తల్లి ఒకావిడ లేచి గబగబా బయటికి వెళ్ళిపోయింది.

"మరిడమ్మ తీసుకుపోయిందండి నా మనవరాల్ని. వాంతులు, నీళ్ళ విరేచనాలు. ఒంటిమీద ఒక్క పొక్కు లేదు. ఆ చెరువు నీళ్ళు తాగిందండి. ప్రాణం పోయేదాకా అయ్యే పట్టామండి, దాహమంటే."

తరవాత అధికారులను, ఎమ్మెల్యేలను వదిలేసి, కోడు ఉన్న దిక్కుకి తిరిగింది.

"విన్నావుగా. పిలిచింది రత్తమ్మ. పిల్ల పిలవలేదు. అది సగమే అంది, సగం మాటకి లెక్క లేదు. రావాల్సొస్తే నా దగ్గరికి రా."

రాసుకునే ఆయన కలం ఎత్తారు. "ఇది కూడా రాయమంటారా మేడమ్?"

"రాయండి" అన్నారు జానకీదేవి గారు.

ఆ తరవాత మిగతా మూడిళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ఆ పేరు పలకలేదు. "రత్తమ్మగారు చెప్పిందేనండి, మా ఇంట్లో కూడా" అన్నారు.

ఇంటికి రాగానే మామ్మ తన నులకమంచం పశువుల పాకలోకి మార్చేసింది. కంచం వేరు, గ్లాసు వేరు, నీళ్ళ కుండ వేరు. అమ్మను పాక దరిదాపులకు రానివ్వలేదు.

"చలిలో ఇక్కడెందుకే అమ్మా" అన్నాడు నాన్న.

"ఆవిడొచ్చి ఇల్లంతా వెతకాల్సిన పని లేకుండా" అంది మామ్మ.

రోజూ మధ్యాహ్నానికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కోడుగట్టు కేసి చూస్తూ కూర్చునేది. చుట్టాలు వచ్చే రోజు కూర్చున్నట్టు ఉండేది ఆ కూర్చోవడం.

పుష్యంలో అమ్మకి ఆడపిల్ల పుట్టింది. మంజుష అని పేరు పెట్టారు. మామ్మ పాకలోంచి కదలకుండా, దూరంగా ఎత్తి చూపించమని చూసింది. బడ్జెట్టు సమావేశాల్లో అదే ప్రశ్నకి ప్రభుత్వం మళ్ళీ జవాబు చెప్పింది. ఈసారి "అవునండి" అని ఉంది. నాన్న ఆ మాట పాక దగ్గరికెళ్ళి గట్టిగా చదివాడు.

"నేను చెప్పిందేగా" అంది మామ్మ. "దానికి ఇన్నాళ్ళు ఆలోచించారా?"

మంజుష పాకడం మొదలుపెట్టేనాటికి పైపులైను వచ్చింది. మా వీధి మొదట్లో పంపు పెట్టారు. నీళ్ళు తియ్యగా, చల్లగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. అమ్మ మొదటి బిందె తెచ్చి, కాచి చల్లార్చి, చెంచాతో పాపకి పట్టింది. పడుతూ ఏడ్చింది. నేను పెరటి గుమ్మం వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. అప్పుడే కాదు, సంఘం వచ్చి వెళ్ళినప్పటినుంచీ అక్కడ ఎవరూ లేరు.

కానీ మామ్మ పంపు నీళ్ళు ముట్టుకోలేదు.

"నాకు చెరువు నీళ్ళే తే" అంది.

"అవి ఊళ్ళో ఎవరూ తాగట్లేదు మామ్మా. గేదెలకి కూడా పంపు దగ్గరే పడతన్నారు."

"అందుకేనే. ఆవిడ ఆ నీళ్ళ వెంటే వత్తుంది. ఆ నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి. నేను కూడా మానేస్తే, వచ్చి, నేను కనబడక ఇంట్లోకి పోతుంది." లోపల మంజుష నవ్వు వినిపిస్తోంది. మామ్మ అటు చూసి మళ్ళీ కోడుగట్టు వైపు చూసింది. "నేను మాటిచ్చాను."

నాన్న కోప్పడ్డాడు. అమ్మ బతిమాలింది. మామ్మ వినలేదు. చెరువు నీళ్ళు తేవడం నా వంతయింది. పాచి పట్టిన మెట్లు దిగి, ఎవరూ లేని ఆ రేవులో బిందె ముంచి, పాకలో కుండ నింపేదాన్ని. మామ్మ గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ఆమె గొంతులోంచి నీళ్ళు దిగడం చూస్తూ నిలబడేదాన్ని. ఆమె చేతివేళ్ళు ముసలితనంతో ముందే ముడతలు పడి ఉన్నాయి. వాటిని చూసి ఆవిడ వచ్చిందో లేదో పోల్చుకోలేకపోయేదాన్ని.

శ్రావణంలో ఒకరోజు నేను చెరువు దాకా వెళ్ళలేదు. బిందె పంపు దగ్గర పట్టి, తెచ్చి ఆమె కుండలో పోశాను.

మామ్మ గ్లాసు ముంచుకుని ఒక గుక్క తాగింది. ఆగింది. నాలుక మీద నీళ్ళు కాసేపు ఉంచుకుని మింగింది.

"ఉప్పు లేదేంటే?"

నేను ఖాళీ బిందె చంకన పెట్టుకున్నాను.

"ఈ నీళ్ళలో ఆవిడకి దారి తెలీదే తులసీ."

"తెలీకపోతే వెనక్కి పోతుందిలే మామ్మా."

"పోదు. వీధి మొదట్లో నిలబడి అడుగుద్ది. నన్ను పిలిచింది ఎవరని అడుగుద్ది." నా మొహంలోకి చూసింది. కోపం లేదు. "ముందు లేచింది నువ్వే కదా."

"సగమే అన్నాను."

"సగమే" అంది మామ్మ.

గ్లాసు చేతిలో పట్టుకుని కోడుగట్టు వైపు చూసింది. తరవాత ఆ నీళ్ళన్నీ తాగేసింది. ఇంకో గ్లాసు ముంచుకుని అది కూడా తాగేసింది. ఎన్నాళ్ళనుంచో దాహంతో ఉన్న మనిషిలా తాగింది. ఆ సాయంత్రమే నాన్న చేత మంచం ఇంట్లోకి మోయించుకుంది. మంజుషను మొదటిసారి ఒళ్ళోకి తీసుకుంది.

పాక ఖాళీ అయింది. ఇప్పుడు సెలవురోజుల్లో మధ్యాహ్నం పూట నేను అక్కడికి వెళ్ళి చదువుకుంటున్నాను. ఇంట్లో పాప గోల, చదువు సాగదని చెప్పాను. అది నిజమే. కోడుగట్టు మీద ఎండ కదిలినట్టు అనిపిస్తే పుస్తకం మూసి చూస్తాను. వీధి మొదట్లో పంపు కారుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తుంది. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగినప్పుడు, ఎవరో బిందె పెట్టి ఉంటారని అనుకుంటాను. లేచి వెళ్ళి చూడను. తల మాత్రం మామ్మలా దువ్వుకుని కూర్చుంటాను.